లెక్కకు అందాలి, ఆచూకీ అందకూడదు

డెబియన్ లినక్స్‌ను కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు ఒక దశలో తెర మీద ఓ ప్రశ్న కనిపిస్తుంది. ఏ ప్యాకేజీలు వాడుతున్నారో తెలిపే సర్వేలో పాల్గొంటారా అని. జవాబుగా "వద్దు" ముందే ఎంపికై ఉంటుంది. గబగబా ఎంటర్ నొక్కుకుంటూ పోయేవారి గురించి డెబియన్‌కు ఏమీ తెలియదు. ఊరికే దక్కే సమాచారాన్ని ఇలా కాలదన్నుకునేవాళ్లు ఈ రోజుల్లో తక్కువ.

ఈ సర్వే పేరు పాపులారిటీ కాంటెస్ట్, పొట్టిగా పాప్‌కాన్. 1990ల చివరి నుంచీ నడుస్తోంది. ఒప్పుకున్నవారి కంప్యూటర్ నుంచి వారానికోసారి ఒక నివేదిక వెళ్తుంది. అది మామూలు టెక్స్ట్ ఫైలే, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. అన్నిటికంటే పైన ఆ యంత్రానికి గుర్తుగా 128 బిట్ల యాదృచ్ఛిక సంఖ్య ఉంటుంది. కింద ఒక్కో ప్యాకేజీకి ఒక్కో వరుస: అందులోని ప్రోగ్రామును చివరిసారి ఎప్పుడు తెరిచారు, అది డిస్కులోకి ఎప్పుడొచ్చింది, ప్యాకేజీ పేరేమిటి, ప్రోగ్రాము ఏ ఫోల్డరులో ఉంది. ఇలాంటి వరుసలు వందలూ వేలూ. మొదటి సీడీలో ఏయే ప్యాకేజీలు సర్దాలి, ఎవరూ ముట్టుకోనివి ఏవి అన్న సందేహాలు వచ్చినప్పుడు డెబియన్ వాళ్లు చూసుకునేది ఈ లెక్కలనే.

పైకి ఇందులో దాచుకోవలసిందేమీ కనిపించదు. కానీ "చివరిసారి ఎప్పుడు తెరిచారు" అన్నదాన్ని సెకన్లతో సహా పంపితే, మీరు రాత్రి ఎన్నింటిదాకా మేలుకున్నారో కూడా వెళ్లిపోతుంది. అందుకే పాప్‌కాన్ కాలాన్ని 12 గంటల ముక్కలకు కుదిస్తుంది. నివేదికను ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది. సర్వరు దాన్ని ఎక్కువలో ఎక్కువ 20 రోజులు ఉంచుకుంటుంది, ఈలోగా అదే యంత్రం నుంచి కొత్తది వస్తే పాతది పోతుంది. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ప్యాకేజీల పేర్లు మాత్రం వెళ్లక తప్పదు. డెబియన్‌లో బైబిల్ అధ్యయనానికి ప్యాకేజీలున్నాయి, నమాజు వేళలు లెక్కగట్టేవి ఉన్నాయి, ఆనవాలు దొరక్కుండా ఇంటర్నెట్‌లో తిరగడానికి టార్ ఉంది. ఏదైనా కంపెనీ సొంతానికి తయారుచేసుకున్న ప్యాకేజీ ఉంటే దాని పేరూ ఆ జాబితాలోనే కలిసి వెళ్తుంది. ఆ పేరులో కంపెనీ పేరు కూడా ఉందంటే ఇక అడగక్కర్లేదు.

"మేం మీ పేరు అడగలేదు, ఈమెయిల్ అడగలేదు, అంతా అనామకమే." ఈ రంగంలో బాగా అరిగిపోయిన మాట ఇది. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌లో పనిచేసిన పీటర్ ఎకర్స్‌లీ 2010లో ఈ మాట బలమెంతో కొలిచి చూశాడు. పానోప్టిక్లిక్ అనే ప్రయోగంలో దాదాపు 4 లక్షల 70 వేల బ్రౌజర్ల నుంచి ఫాంట్ల జాబితా, ప్లగిన్లు, తెర కొలత, టైమ్‌జోన్ లాంటి వివరాలు పోగుచేశాడు. వాటిలో 83.6 శాతం బ్రౌజర్లకు అచ్చం అలాంటిదే ఇంకొకటి దొరకలేదు. విడివిడిగా చూస్తే ఏ వివరమూ రహస్యం కాదు, అన్నీ కలిస్తే వేలిముద్ర.

దీని వెనకున్న లెక్క తేలికే. ఒక సంగతి తెలిశాక, "అతనే కావచ్చు" అనుకునేవారి గుంపు సగానికి తగ్గితే ఆ సంగతి విలువ ఒక బిట్. 33 రెండ్లను వరసగా గుణిస్తే 859 కోట్లు వస్తుంది. భూమ్మీద ఉన్న జనం కంటే ఎక్కువ. అంటే 33 బిట్లు పోగైతే ఎవరినైనా ఒక్కరిని వేలెత్తి చూపించొచ్చు. ఇప్పుడు హెల్సింకీలో ఉద్యోగం చేసే ఒక తెలుగు మనిషిని ఊహించుకుందాం. ల్యాప్‌టాప్‌లో లినక్స్, మెనూలన్నీ తెలుగులో. లినక్స్ వాడేవారిలో తెలుగు లొకేల్, అంటే భాషా సెట్టింగు, పెట్టుకునేది 8 వేల మందికి ఒకరనుకుంటే 13 బిట్లు. ఫిన్లాండ్ టైమ్‌జోన్ 500 మందికి ఒకరిదైతే 9. కాస్త అరుదైన గ్రాఫిక్స్ కార్డు వెయ్యి మందికి ఒకరి దగ్గర ఉంటే 10. ఈ అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి, మూడు విషయాలకూ ఒకదానితో ఒకటి పొత్తు లేదని కూడా అనుకున్నాను. అయినా చూడండి, మూడంటే మూడు సెట్టింగులతో 32 బిట్లు. అదే అమెరికాలో ఇంగ్లిష్ మెనూలతో, అందరూ కొనే గ్రాఫిక్స్ కార్డుతో పనిచేసే మనిషికి ఆ మూడూ కలిపినా అయిదారు బిట్లు దాటకపోవచ్చు.

2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవారు దేశంలో 8 కోట్ల మందికి పైనే. డెస్క్‌టాప్ మెనూల దగ్గరకొచ్చేసరికి మాత్రం మనం అరుదైన జాతి. కాబట్టి గణాంకాల వలలో ముందు చిక్కేది మనలాంటివాళ్లమే. దీనికి రెండో వైపు కూడా ఉంది. తెలుగు అనువాదం సగంలో ఆగిపోయిన ప్రోగ్రాములు ఎన్నో ఉన్నాయి. ఒత్తు సరిగా కూర్చోలేదనో, అక్షరం విరిగిపోయిందనో బగ్ పెడితే, ఈ భాషలో వాడేవాళ్లెందరు అని అడుగుతారు. చూపించడానికి అంకె ఉండదు. డెబియన్‌లో తెలుగు డెస్క్‌టాప్‌కంటూ విడిగా ఒక టాస్క్ ప్యాకేజీ ఉంది, తెలుగు ఫాంట్లకు ప్యాకేజీలున్నాయి. అవి ఎవరికైనా పనికొస్తున్నాయా అన్నదానికి చేతిలో ఉన్న సాక్ష్యం పాప్‌కాన్ లాంటి లెక్కే. గోప్యత ఎవరికి ఎక్కువ అవసరమో, లెక్కలోకి ఎక్కవలసిన అవసరమూ వాళ్లకే ఎక్కువ. ప్రోగ్రాములు తమ వాడుక వివరాలను తయారీదారులకు పంపే ఈ టెలిమెట్రీ మీద జరిగే వాదనల్లో ఈ చిక్కుముడి గురించి మాట్లాడేవాళ్లు నాకు పెద్దగా కనబడరు. ఒకరు "నిఘా" అంటారు, ఇంకొకరు "అనామకం" అంటారు, అక్కడితో సరి.

అలాంటి వాదనల్లో బాగా రచ్చకెక్కినది ఆడాసిటీ కథ. ధ్వనిని రికార్డు చేసి కత్తిరించి అతికించే ఈ ప్రోగ్రాము కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టి 2000లో జనంలోకి వచ్చింది. పాడ్‌కాస్టులు చేసేవాళ్ల దగ్గర్నుంచి పాటలు నేర్పే మాస్టార్ల దాకా ఉచితంగా వాడుకున్నారు. 2021లో మ్యూస్ గ్రూప్ అనే సంస్థ దాన్ని సొంతం చేసుకుంది. ఆ వార్త పాతబడకముందే, మే మొదటి వారంలో, వాడుక వివరాలు పంపే కోడును చేర్చే ప్రతిపాదన బయటికొచ్చింది. వివరాలు వెళ్లేది గూగుల్‌కూ, రష్యాకు చెందిన యాండెక్స్‌కూ చెందిన విశ్లేషణ సేవలకు. నిజానికి అది డిఫాల్ట్‌గా ఆపేసి ఉంటుందనీ, వాడుకరి ఒప్పుకుంటేనే పనిచేస్తుందనీ అందులోనే రాసి ఉంది. ఎవరూ వినిపించుకోలేదు. గగ్గోలు లేచింది, కొద్ది రోజుల్లోనే ప్రతిపాదనను వెనక్కి తీసుకున్నారు. జులైలో కొత్త గోప్యతా విధానం వచ్చి మళ్లీ నిప్పు రాజేసింది. దర్యాప్తు సంస్థలకు అవసరమైన సమాచారం అంటూ ఒక వాక్యం, 13 ఏళ్ల లోపువారు ఈ ప్రోగ్రాము వాడొద్దంటూ మరో వాక్యం. ఎవరైనా ఏ పనికైనా వాడుకోవచ్చనే జీపీఎల్ లైసెన్సుతో పంచుతున్న సాఫ్ట్‌వేర్‌కు వయసు షరతా అని జనం నిలదీశారు. సంస్థ క్షమాపణ చెప్పి విధానాన్ని తిరగరాసింది. ఈలోగా కొందరు కోడును తీసుకుని టెనాసిటీ అనే పేరుతో వేరు కుంపటి పెట్టుకున్నారు.

ముందుగా అడిగి, ఒప్పుకుంటేనే పంపుతామన్నా ఎందుకు తిట్లు తినాల్సి వచ్చింది? నా మటుకు రెండు కారణాలు కనిపిస్తాయి. తమ సమాచారాన్ని తామే దాచుకోకుండా, సమాచారమే వ్యాపారంగా బతికే సంస్థలకు అప్పజెప్పాలనుకోవడం ఒకటి. ఓపెన్ సోర్స్‌లో కనిపించేది కోడు మాత్రమే కావడం రెండోది. కంప్యూటర్ నుంచి ఏం బయటికి వెళ్తోందో చదివి తెలుసుకోవచ్చు. అవతలి సర్వరులో దాన్ని ఏం చేస్తున్నారో, దేనితో జతచేస్తున్నారో, ఎన్నాళ్లు దాస్తున్నారో ఏ లైసెన్సూ చూపించదు. పైగా పంపేవాడు ఏమీ చెప్పకపోయినా ప్రతి అభ్యర్థన వెంటా ఐపీ అడ్రసు తోకలా వెళ్తుంది. అక్కడి లాగ్‌లో అది మిగిలిందా చెరిపేశారా అన్నది ఇక నమ్మకం మీద ఆధారపడిన వ్యవహారం.

మరి నమ్మకం మీద అంత బరువు పెట్టకుండా లెక్క తేల్చలేమా? ఫెడోరా వాళ్ల అనుభవం ఇక్కడ చెప్పుకోదగ్గది. తమ లినక్స్‌ను ఎందరు వాడుతున్నారో తెలుసుకోవడానికి వాళ్లు ఏళ్లపాటు అప్‌డేట్ సర్వరును తట్టే ఐపీ అడ్రసుల్ని లెక్కపెట్టారు. కాలేజీ ల్యాబులో 60 కంప్యూటర్లు ఒకే అడ్రసు వెనక ఉంటే ఒకటిగా కనిపిస్తాయి. ఇంట్లో ఉన్న ఒక్క ల్యాప్‌టాప్‌కు రోజుకో అడ్రసు మారితే నెలకు 30 అవుతాయి. ఈ తికమక వదిలించుకోవడానికి 2019 జనవరిలో ఒక ప్రతిపాదన వచ్చింది, ప్రతి యంత్రానికీ ఒక యాదృచ్ఛిక గుర్తింపు సంఖ్య ఇచ్చి అప్‌డేట్ అడిగినప్పుడల్లా పంపిద్దామని. పేరు లేని సంఖ్యే కదా అనిపిస్తుంది. కానీ ఆ ల్యాప్‌టాప్ పొద్దున హైదరాబాద్‌లో ఇంటి అడ్రసు నుంచి, మధ్యాహ్నం ఆఫీసు నుంచి, శనివారం విజయవాడలో హోటలు నుంచి అదే సంఖ్యతో పలకరిస్తే సర్వరు లాగ్‌లో తయారయ్యేది మనిషి ప్రయాణాల డైరీ. సభ్యులు ఒప్పుకోలేదు. చర్చలు సాగి, 2020లో వచ్చిన ఫెడోరా 32 నాటికి వేరే పద్ధతి కుదిరింది. దాని పేరు కౌంట్‌మీ.

కౌంట్‌మీలో లెక్క యంత్రమే చూసుకుంటుంది. వారంలో ఎన్నిసార్లు అప్‌డేట్‌లు అడిగినా, వాటిలో ఏదో ఒకసారి మాత్రమే "నన్ను లెక్కపెట్టు" అనే చిన్న జెండా తగిలిస్తుంది. ఈ వారం పంపేశాను అన్న గుర్తు తన డిస్కులోనే రాసుకుంటుంది. పోలింగ్ బూత్‌లో వేలికి పెట్టే సిరా లాంటిదది, మరక ఓటరు దగ్గరే ఉంటుంది, ఇద్దరి మరకల మధ్య తేడా ఉండదు. జెండాతోపాటు 1 నుంచి 4 దాకా ఒక అంకె వెళ్తుంది: యంత్రం ఎక్కించి మొదటి వారమా, మొదటి నెలా, మొదటి ఆరు నెలలా, అంతకంటే పాతదా. దీనివల్ల క్లౌడ్‌లో పొద్దున పుట్టి సాయంత్రం పోయే యంత్రాలను పక్కనబెట్టి, నిలకడగా వాడేవాటిని విడిగా చూడగలుగుతారు. కావలసిన ప్రశ్నకు సరిగ్గా సరిపడా జవాబు. నాకు తెలిసినంతలో ఈ రంగంలో ఇంత పొదుపైన రూపకల్పన మరొకటి లేదు. ఒక్క ముక్క ఎక్కువ అడగలేదు.

"ఎందరు" అన్నదానికి ఇది చాలు. "వాళ్లలో తెలుగు మెనూలు వాడేది ఎందరు" అంటే ఇంకో అడుగు వేయాలి. దానికి ఒక పాత ఉపాయం ఉంది. జనం సిగ్గుపడే ప్రశ్నలకు నిజం రాబట్టడానికి 1965లో స్టాన్లీ వార్నర్ సూచించిన పద్ధతి నుంచి పుట్టింది. ప్రశ్న అడిగే ముందు నాణెం ఎగరేయమంటారు. బొమ్మ పడితే నిజం చెప్పాలి. బొరుసు పడితే మళ్లీ ఎగరేసి, ఈసారి బొమ్మకు ఔననీ బొరుసుకు కాదనీ చెప్పాలి. వెయ్యి మందిలో నిజంగా 100 మంది తెలుగు వాడేవాళ్లు ఉన్నారనుకోండి. నిజం చెప్పే సగంలోంచి 50 ఔనులు వస్తాయి, నాణెం మాట చెప్పే 500 మందిలోంచి 250. మొత్తం 300. అందులోంచి 250 తీసేసి మిగిలినదాన్ని రెట్టింపు చేస్తే 100. మొత్తం లెక్క తేలింది, ఏ ఒక్కరి జవాబునూ పట్టుకుని నిలదీయలేరు, నాణెం చెప్పించింది అనేస్తే సరి. 2014లో గూగుల్ క్రోమ్ బ్రౌజర్‌లో రాపోర్ అనే పేరుతో దింపింది ఈ ఆలోచననే. 2006లో సింథియా డ్వర్క్, మరి ముగ్గురు కలిసి వేసిన డిఫరెన్షియల్ ప్రైవసీ అనే గణిత పునాది దానికి కొలమానం ఇచ్చింది.

అరుదైనవాళ్లకు మాత్రం ఈ ఉపాయం అక్కరకు రాదు. 10 లక్షల మందిని అడిగితే అందులో తెలుగు వాడేవాళ్లు 100 మందే అనుకుందాం. రావలసిన ఔనులు 2,50,050. నాణేల ఆటలో ఆ సంఖ్య మామూలుగానే 400కు పైగా అటో ఇటో ఊగుతుంది. ఆ ఊపులో మన 50 ఎక్కడ కొట్టుకుపోయాయో కనిపించదు. గోప్యత దక్కింది, మనం లెక్కలోంచి మాయమయ్యాం.

కొత్త తరం గూఢలిపి శాస్త్రం దీనికి మెరుగైన దారి చూపించింది. 2017లో హెన్రీ కారిగన్-గిబ్స్, డాన్ బోనే ప్రతిపాదించిన ప్రియో అనే పద్ధతిలో జవాబును రెండు ముక్కలు చేసి, ఒకరితో ఒకరు కుమ్మక్కు కాని రెండు సర్వర్లకు పంపుతారు. నా జవాబు 1 అయితే, కంప్యూటర్ ఒక యాదృచ్ఛిక సంఖ్యను, 5,81,204 అనుకోండి, మొదటి సర్వరుకు ఇస్తుంది. రెండోదానికి మైనస్ 5,81,203 ఇస్తుంది. విడిగా చూస్తే రెండూ పనికిరాని అంకెలే. ప్రతి సర్వరూ తనకు వచ్చినవన్నీ కూడుకుని, చివర్లో రెండు మొత్తాలను కలిపితే అసలు లెక్క పొల్లుపోకుండా వస్తుంది, 100 మంది ఉంటే 100 అనే. ఎవరైనా 1 బదులు 10 లక్షలు పంపి లెక్క పాడుచేయకుండా సరిచూసే ఏర్పాటూ ఇందులో ఉంది. మొజిల్లా 2018లో ఫైర్‌ఫాక్స్ ప్రయోగాత్మక కూర్పు నైట్లీలో దీన్ని పరీక్షించింది. ఒక్క జాగ్రత్త మిగులుతుంది. "ఫిన్లాండ్‌లో తెలుగు" అన్న గడిలో మొత్తం 1 అని వస్తే, ఎంత గూఢంగా కూడినా ఆ ఒక్కరు బయటపడ్డట్టే. అందుకే చిన్న అంకెలున్న గడులను ప్రచురించకుండా పై స్థాయి గడిలో కలిపేయాలి. దేశాలవారీగా వద్దు, ప్రపంచం మొత్తంలో తెలుగు ఎంత అన్నది చాలు.

ఇంత గణితం చేతిలో ఉన్నా గొడవ చివరికి ఒక చిన్న టిక్కు దగ్గరే ఆగుతుంది: ముందే పెట్టి ఉండాలా, వాడుకరి పెట్టాలా? 2023 ఫిబ్రవరిలో గో ప్రోగ్రామింగ్ భాషను నడిపించిన రస్ కాక్స్ చాలా శ్రద్ధగా ఒక టెలిమెట్రీ పథకం రాశాడు. గుర్తింపు సంఖ్య లేదు, పంపేవి వారం మొత్తానికి కూడిన లెక్కలే, ఏం సేకరించవచ్చో జాబితా బహిరంగం, వచ్చిన సమాచారమూ బహిరంగం, పైగా ప్రతి వారం అందరి నుంచీ కాక కొందరి నుంచే. ఒక శాతం తేడాతో, 99 శాతం ధీమాతో జవాబు కావాలంటే 16 వేల పైచిలుకు నివేదికలు చాలు, వాడేవాళ్లు లక్షలున్నా కోట్లున్నా. అంతా బాగానే ఉంది, డిఫాల్ట్‌గా ఆన్ అన్నచోట జనం అడ్డం తిరిగారు. అతను విని మార్చాడు. 2024 ఆగస్టులో వచ్చిన గో 1.23లో లెక్కలు మీ డిస్కులోనే పోగవుతాయి, మీరు ఒప్పుకుంటే తప్ప గడప దాటవు.

నిర్మాతల బాధ అర్థం చేసుకోదగ్గదే. అడిగి తీసుకుంటే ఇచ్చేవాళ్లు తక్కువ, ఇచ్చేవాళ్లు అందరిలాంటివాళ్లూ కారు. 2022లో గ్నోమ్ డెస్క్‌టాప్ వాళ్లు స్వచ్ఛందంగా నడిపించుకునే ఒక చిన్న సమాచార సేకరణ పనిముట్టు విడుదల చేస్తే రెండున్నర వేల మంది స్పందించారు, అందులో సగానికి పైగా ఫెడోరా వాడేవాళ్లే. ప్రకటన చదివి, టెర్మినల్ తెరిచి, కమాండ్ కొట్టగలిగినవాళ్ల లెక్క అది. బడిలో పిల్లలకు పాఠం చెప్పే టీచరు అందులో లేదు. అయినా ముందే పెట్టిన టిక్కును సమ్మతిగా లెక్కేయడం న్యాయం కాదనే నేనంటాను. ఐరోపా న్యాయస్థానం 2019లో ప్లానెట్49 కేసులో కుకీల విషయంలో అదే చెప్పింది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా సమ్మతి అంటే స్పష్టమైన చర్యతో తెలిపినదై ఉండాలంటోంది. తక్కువమంది ఇచ్చిన నమూనాను సరిదిద్దే పద్ధతులు గణాంకశాస్త్రంలో ఉన్నాయి. పోయిన నమ్మకాన్ని సరిదిద్దే సూత్రం మాత్రం అందులో లేదు.

మీ కంప్యూటర్ సంగతి మీరే చూసుకోవచ్చు. కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్‌లో సెట్టింగుల కింద యూజర్ ఫీడ్‌బ్యాక్ అనే చోట ఒక స్లయిడర్ ఉంటుంది, మొదట్లో ఆపేసే ఉంటుంది, జరిపేకొద్దీ ఏమేం వెళ్తాయో పక్కనే చూపిస్తుంది. మ్యాక్ మీద హోమ్‌బ్రూ అనే ప్యాకేజీ మేనేజర్ వాడేవాళ్లకు మాత్రం అనలిటిక్స్ మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది, ఒక్క కమాండ్‌తో ఆపొచ్చు. ఫైర్‌ఫాక్స్‌లోనూ అంతే, మనం తీసేస్తే తప్ప వెళ్తూనే ఉంటుంది. అడ్రసు గడిలో అబౌట్, కోలన్, టెలిమెట్రీ అని ఇంగ్లిష్‌లో కొట్టి చూడండి. మీ బ్రౌజర్ మొజిల్లాకు ఏం చెబుతోందో పేజీలకు పేజీలు కనిపిస్తుంది. చదివాక మనసొప్పకపోతే సెట్టింగుల్లో ప్రైవసీ విభాగానికి వెళ్లి టిక్కు తీసేయండి. ఫరవాలేదనిపిస్తే ఉంచండి, తెలుగు ఫైర్‌ఫాక్స్ వాడేవారి లెక్కలో ఒకరు పెరుగుతారు.